ప్రయాణపు బండికి ఎట్టి కప్పు మేలు?

ఇంగ్లండులో కాపురమున్న యొక సోదరి వ్రాసిన యుత్తరమును ఈ నెల ప్రస్తావమునకు తీసికొనుచున్నాము. ఆమె భర్తగారు క్యాంపరు వ్యాను నొకదానిని కొనదలచినారు. పండుకొనుటకు పడకలు, వండుకొనుటకు చిన్న గ్యాసు పొయ్యి, సామానులకు అరలు లోపలనే యమర్చిన బండికి ఆ పేరు. ఎత్తుటకు దించుటకు వీలైన కప్పు గలది తీసికొందమని భర్తగారు, ఎప్పుడును కదలని యెత్తైన కప్పు గలదే మేలని వారి మిత్రులు. “నా కేమియు తోచుట లేదు, మీరు చెప్పుడు” అని వ్రాసి, సంతకమునకు పిదప చిన్న యక్షరములతో ఆమె యింకొక మాట చేర్చినది. జూను మాసమున అత్తగారు గుంటూరునుండి వచ్చి మూడు నెలలుందురట. ఆమెకు మోకాళ్ళ నొప్పులట. రాత్రి రెండు మూడు మారులు లేతురట. ఉత్తరమున మిగిలిన రెండు పుటలకంటె ఈ చిన్న యక్షరముల మాటయే మాకు ముఖ్యముగా తోచినది.

ఇది విదేశములలో నున్నవారి గొడవ, మన కేల యని మన యూళ్ళలోని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదు. కొడుకో కూతురో సముద్రములు దాటి యుండని యిండ్లు నేడు తక్కువ. బిడ్డలను చూడబోయినవారికి అచ్చట వేసవిలో జరుగు మర్యాదలలో ఈ బండి ప్రయాణ మొకటి. “అమ్మా, హోటలెందుకు? బండిలోనే పండుకొందము” అని కొడుకు ఉత్సాహముతో చెప్పునపుడు, తన పడక కప్పు క్రిందనో, కప్పులోపలనో తెలిసికొని బయలుదేరుట తల్లికి మంచిది.

మొదట రెంటి స్వరూపమును చెప్పెదము. స్థిరమైన కప్పు గల బండి సామానులు తోలు పెద్ద వ్యానువంటిది. దాని కప్పు రేకుతోనో, అచ్చుపోసిన ఫైబరుతోనో యెత్తుగా కట్టబడి ఎల్లప్పుడు నట్లే యుండును. లోపల ఆరడుగుల మనిషి తల వంచకుండ నడువవచ్చును. రెండవ విధపు బండి, దారిలో పోవునపుడు మామూలు కారుకంటె కొంచెము పెద్దదిగా మాత్రమే కనబడును. నిలిపిన పిదప కప్పును చేతితో పైకి నెట్టినను, కొన్నిటిలో మీట నొక్కినను, అది పెట్టెమూతవలె లేచును. లేచిన కప్పునకును బండికిని నడుమ నేర్పడిన ఖాళీని కాన్వాసు గుడ్డ మూయును. ఆ గుడ్డగోడల నడుమ నొక పలక, పలకపై పలుచని పరుపు. అదియే పై పడక. అచ్చటివారు దీనిని పాప్‌టాప్ అందురు; మేము ఎత్తుడు కప్పు అని వ్యవహరింతుము.

ఈ తగవు క్రొత్తది కాదు. 1951లో జర్మనీలోని వెస్ట్‌ఫాలియా సంస్థవారు ఫోక్స్‌వాగన్ బండిలో బిగించుటకు పడకయు అరలును గల పెట్టెలను చేసి యమ్మసాగిరి. ఆ దశకముననే ఇంగ్లండులో ఫోక్‌స్టన్ పట్టణపు మార్టిన్ వాల్టర్ సంస్థవారు బెడ్‌ఫర్డు వ్యానులకు ప్రక్కకు తెరచుకొను ఎత్తుడు కప్పులు బిగించి, డార్మొబిల్ అను పేరును ఇంటింట తెలియజేసిరి. తరువాత ఫోక్స్‌వాగన్‌వారే రెండు విధములను చేసిరి. వారి కాలిఫోర్నియా బండి ఎత్తుడు కప్పుది. దించినపుడు దాని యెత్తు 2 మీటర్లకు కొంచెము తక్కువ. 2019లో అమ్మకమునకు తెచ్చిన గ్రాండ్ కాలిఫోర్నియా స్థిరమైన కప్పుది. దాని యెత్తు 3 మీటర్లకు అటు నిటు. ఒకే సంస్థ రెండింటిని చేసి యమ్మగలిగినదనగా, ఏ యొక్కటియు రెండవదానిని ఓడింపలేదనుట.

మన యెడ్లబండ్లయందును ఈ భేదము లేకపోలేదు. ధాన్యము తోలునపుడు బండికి గూడుండెడిది కాదు. ఆడవారిని, పసిబిడ్డలను పుట్టింటికో, కోటప్పకొండ తిరునాళ్ళకో తీసికొనిపోవునపుడు వెదురుబద్దలు వంచి, చాప పరచి గూడు కట్టెడివారు. ఎక్కువా రెవరో తెలిసిన పిదపనే గూడు మాట. మోటారు బండి కొనునపుడు మాత్రము ఈ వరుస తలక్రిందులైనది. తోలువాడు తనకు నచ్చిన బండిని ముందుగా నెన్నుకొని, అందెవ్వరు ఎచ్చట పండుకొందురో తరువాత చూచుచున్నాడు.

పగటివేళ ఎత్తుడు కప్పుదే పైచేయి యని మొదటనే యొప్పుకొందుము. బ్రిటనులోని యంగళ్ళయొద్దను, సముద్రతీరములందును బండ్లు నిలుపుచోట్ల ద్వారమున అడ్డముగా నొక దూలము కట్టియుండుట కలదు. అది తరచుగా 2 మీటర్లకు అటు నిటు ఎత్తున నుండును. కప్పు దించిన బండి చాలచోట్ల దాని క్రిందుగా దూరిపోవును. ఎత్తు బండి ద్వారమువద్దనే వెనుకకు తిరుగవలయును. ఫ్రాన్సు దేశపు పెద్దబాటలలో సుంకమును ఎత్తునుబట్టి వసూలు చేయుదురు. 2 మీటర్ల లోపు బండికి మొదటి తరగతి, అది దాటి 3 మీటర్ల లోపు నుండినచో రెండవ తరగతి, 3 మీటర్లు చేరినచో మూడవ తరగతి. తరగతి పెరిగినకొలది రుసుము పెరుగును. ఇంగ్లండునుండి ఫ్రాన్సునకు సముద్రము క్రిందుగా బండ్లను మోసికొనిపోవు రైలులో మాత్రము 1.85 మీటర్లు మించిన వన్నియు ఎత్తైన పెట్టెలలోనికే పోవలయును గనుక అచ్చట రెండును సమానమే. ఎత్తు బండికి గాలి దెబ్బ యెక్కువ, నూనె ఖర్చును కొంత యెక్కువ. ప్రతిదినము కొలువునకు, పిల్లవాని బడికి, కూరగాయలకు అదే బండిలో పోవలసిన యింటికి పొట్టి బండియే సుఖము. ఆ సోదరి భర్తగారు పట్టుపట్టుటకు కారణ మిదియే యై యుండును. అది చిన్న కారణము కాదు.

ఇచ్చట నొక మాట. అమ్మువారు చెప్పు ఎత్తు వట్టి కప్పు ఎత్తు. దానిపై సౌరఫలకమో, సామాను పెట్టెయో, వానకు ప్రక్కగా పరచు గుడ్డచుట్టయో బిగించినచో అయిదారంగుళములు పెరుగవచ్చును. మావారు బడిపంతులు గావున కొలబద్ద లేనిది బండి యెక్కరు. అన్నియు బిగించిన పిదప కొలిచి, ఆ సంఖ్యను చక్రము ముందర చీటీగా నంటించిన గాని బయలుదేరనీయలేదు. ఆ చాదస్తము మంచిదే.

ఇక రాత్రి మాట. బండిని బేరమాడునపుడు ఎవ్వరును రాత్రిపూట చూడరు. అంగడిలో మధ్యాహ్నపు టెండలో కప్పు లేపి, లోపల తెల్లని దిండ్లు అమర్చి చూపుదురు. మేము గడచిన వేసవిలో బంధువులను చూడ బ్రిటనునకు పోయినపుడు రెండు విధముల బండ్లలోను నిదురించితిమి. ఎత్తుడు కప్పు క్రింద మూడు రాత్రులు, స్థిరమైన కప్పు క్రింద నాలుగు. అందుచే ఈ భాగమును కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

పొట్టి బండిలో పగటి కూర్చుండు బెంచీయే రాత్రి పడక. దానిని లాగి వాల్చినగాని పండుకొనుట కుదరదు. వాల్చుటకు ముందు దానిపైని సంచులు, కోట్లు, పిల్లవాని బొమ్మలు, సగము తిన్న పళ్ళెము ముందు సీట్లపైకి పోవలయును. పై పలకను దించి దుప్పట్లు పరచవలయును. ఈ పని యంతయు అలవాటైనవారికి పావుగంట, కానివారికి అరగంట. అంతసేపు ముసలమ్మ ఎచ్చట కూర్చుండవలయును? ఆకాశము తెరపిగా నున్నచో బయట కుర్చీలో. వాన పడుచున్నచో ముందు సీటులో సంచుల నడుమ. నిద్ర ముంచుకొని వచ్చినను తానొక్కతె ముందుగా పండుకొనుటకు వీలులేదు. ఆమె పండుకొన్నచో మిగిలినవారికి కాలు మోపు చోటుండదు. పగలు కొంచెము నడుము వాల్చవలయునన్నను మరల అదే తంతు.

పై పడక సుమారు 2 మీటర్ల పొడవు, నాలుగడుగులకు లోపు వెడల్పు. ఇద్దరు పడుచువారు సర్దుకొందురు. ఎక్కుటకు కొన్నిటిలో నిచ్చెనయు నుండదు. ముందు సీటుపై కాలు మోపి, అంచు పట్టుకొని పైకి ప్రాకవలయును. పిల్లలకు అదే పండుగ. మా బంధువుల పిల్లలు రాత్రి ఎన్నిమారులు ఎక్కి దిగిరో లెక్కలేదు. కాని ఏడేండ్ల పిల్లవాడు నిద్రలో దొర్లి క్రింద పడకుండ వలయో, పట్టెయో ఉన్నదా యని చూచికొనవలయును. ఇది యన్నిటిలో నుండదు.

గుడ్డగోడ వెలుతురు నాపదు. జూను మాసమున స్కాట్లండు ఉత్తరభాగమున రాత్రి పది దాటినను వెలుగు పోదు. తెల్లవారు జామున నాలుగింటికే మరల వచ్చును. పైన పండుకొన్న పిల్లవాడు పదకొండువరకు కబుర్లు చెప్పి, అయిదింటికి లేచి కూర్చుండును. చప్పుడును అంతే. ప్రక్క బండిలోని దగ్గు కూడ వినబడును. చలియందు గుడ్డకును రేకు లోపలి దట్టపు పొరకును పోలికయే లేదు. డీజిలుతో మండు హీటరు నమర్చినను పై పడకలోని వేడి గుడ్డగుండ పోవుచునే యుండును. గుడ్డపై తొడుగుటకు మందపు తొడుగులు అమ్ముదురు. వానితో కొంత మేలు కలుగును. వానలో తొడుగుటకు మాత్రము ఇద్దరు మనుష్యులు కావలయును.

వీనియన్నిటికంటె గాలి ముఖ్యము. పెనుగాలి వీచునపుడు కప్పు దించివేయవలయునని తయారుచేసినవారే తమ పుస్తకములో హెచ్చరింతురు. దించినచో పై పడక లేనట్లే. వేల్సు దేశమున సముద్రపుటొడ్డున నొకనాటి రాత్రి రెండు గంటలకు గాలి హెచ్చినది. పైనున్న యిద్దరు పిల్లలను నిద్రలోనే భుజములపై వేసికొని క్రిందికి దించితిమి. మావారు వానలో తడియుచు గుడ్డ మడతలను లోపలికి నెట్టగా, మరదలు కప్పు దించినది. తెల్లవారువరకు అయిదుగురము, పడుచువారు సీట్లలో, పిల్లలు వాల్చిన బెంచీపై, ఎవరి కాళ్ళు ఎవరివో తెలియక యుంటిమి. ఉదయమున పిల్లలు ఆ సంగతి నొక సాహసకథగా చెప్పుకొనిరి. మాతో నప్పుడు డెబ్బదియేండ్ల మనిషి లేరు గనుక మేమును నవ్వితిమి.

మర్యాదకొరకు దాచిన ప్రయోజనము లేని మాట మరియొకటి కలదు. చిన్న బండిలో మరుగుగది యుండదు. బండ్లు నిలుపుకొను తోటలలో స్నానశాలలు, మరుగుదొడ్లు శుభ్రముగానే యుండును. కాని మన బండికి వంద గజముల దూరమున నుండవచ్చును, దారి చీకటిగా నుండవచ్చును, గడ్డి తడిసి జారవచ్చును. కొందరు చిన్న మందుతొట్టిని బెంచీ క్రింద నుంచుకొందురు. దానిని వెలుపలికి తీయుటకు బెంచీపై నిద్రించువారిని లేపవలయును; తీసిన పిదప నలుగురి నడుమ వాడుకొనవలయును. ఏ అత్తగారు అట్లు చేయుదురు? చేయరు. సాయంత్రము నాలుగు గంటలనుండి మంచినీళ్ళు త్రాగుట మానివేయుదురు. అడిగినచో “దాహము లేదమ్మా” అందురు. రాత్రి మెలకువ వచ్చినను తెల్లవారువరకు కదలకుండ పడియుందురు. మా యింటి పెద్దవారు రైలు ప్రయాణములలో నిట్లు చేయుట మేము చిన్ననాటనుండి చూచియున్నాము. కొడుకును లేపుటకు సంకోచము, కోడలిని లేపుటకు అంతకంటె సంకోచము. మరునా డామె ముఖము వాడియుండుటకు ప్రయాణపు బడలిక యని కొడు కనుకొనును. స్థిరమైన కప్పు గల బండ్లలో పెక్కింటియందు, ఎంత యిరుకైనను, తలుపు గల మరుగుగది యొకటి యుండును. పట్టుకొనుటకు గోడలు దగ్గరగా నుండును. దీపము వేసికొనవచ్చును. ఎవ్వరిని లేపనక్కరలేదు. ఆ సోదరి ప్రశ్నకు మా దృష్టిలో సగము సమాధాన మిచ్చటనే యున్నది.

అట్లని స్థిరమైన కప్పు గలవన్నియు ముసలివారికి అనుకూలములని తలంపరాదు. పెక్కు బండ్లలో వెనుక భాగమున నెప్పుడును పరచియుండు పెద్ద పడక యుండును. అది చూచుటకు రాజభోగము. కాని దాని క్రింద సామాను పెట్టుకొనుటకై దానిని నడుమెత్తుకు లేపి కట్టియుందురు. మోకాళ్ళ నొప్పులవారు మెట్టుపై కాలు మోపి, వెనుకకు తిరిగి, ఎగిరి కూర్చుండవలయును. ఇది పై పడక యెక్కుటకంటె కొంచెము సులభమంతే. ఇరుప్రక్కల విడివిడిగా నొంటిపడకలు తక్కువ యెత్తున నున్నవియు, పగటి సోఫాయే ఒక ప్రక్క పడకగా నుండునవియు వేరుగా దొరకును. వానినే యడుగవలయును. బండి లోపలికి అడుగుపెట్టు మెట్టు కూడ కొలువదగినది. అది మరీ యెత్తైనచో క్రింద నింకొక మెట్టు బిగింపించుకొనవలయును.

పడకల లెక్కయు సీట్ల లెక్కయు ఒకటి కావు. రెండే సీట్లకు పట్టీలున్న బండిలో పడకలు మాత్రము నాలుగుండవచ్చును. పట్టీ లేని చోట కూర్చుండబెట్టి పిల్లవానిని తీసికొనిపోరాదు. మరియు బండి నిండు బరువు 3,500 కిలోలు మించినచో, 1997 తరువాత కారు పరీక్షలో నెగ్గినవారు సాధారణముగా వేరు పరీక్ష నీయవలయును. ఎత్తు బండ్లు ఈ హద్దునకు చాల దగ్గరగా వచ్చును. నీటితొట్టి నింపి, బియ్యపు మూటలు, పచ్చడి జాడీలు ఎక్కించినచో ఎంతగునో తూకమువద్ద చూచికొనుట మేలు. మనవారు ప్రయాణమునకు తక్కువ సామాను కట్టుదురని మేము నమ్మము.

ఇంగ్లండు నైరుతి మూలనున్న డెవను, కార్న్‌వాలు ప్రాంతములలో పల్లెబాటలు ఇరుకైనవి. ఇరుప్రక్కల గోడలవలె పొదలు. ఎదురుగా ట్రాక్టరు వచ్చినచో పెద్ద బండిని వెనుకకు తోలుట చిన్న పని కాదు. ఎత్తు బండిని ఇంటిముందర నిలిపినచో ఎదురింటివారి కిటికీకి అడ్డమని మాట వచ్చుటయు కలదు. సామాన్యపు గృహస్థునకు అది రెండవ బండి గాని, ఒక్కగానొక్క బండిగా పనికిరాదు.

తేమను గూర్చి యిద్దరికిని చెప్పవలయును. నలుగురు మూసినచోట నిదురించినచో ఊపిరితోడనే రాత్రి గ్లాసులకొలది నీరు గాలిలో చేరును. చల్లని రేకు, అద్దము తగిలినచోట నది చెమ్మయై కారును. స్థిరమైన కప్పునందు పైని గాలిద్వారమును కొంచెము తెరచియే పండుకొనవలయును. ఎత్తుడు కప్పులో గుడ్డ కొంత తేమను వెలికి పోనిచ్చును. కాని వానలో తడిసిన గుడ్డను ఉదయమున మడిచి దింపవలసి వచ్చునపుడు అసలు పని మొదలగును. ఆ తడిగుడ్డను ఇల్లు చేరిన మరునాడైనను, ఎండ లేకపోయినను, కప్పు లేపి పూర్తిగా ఆరనీయవలయును. రెండు మూడు దినములు అట్లే వదలినచో నల్లని బూజు చుక్కలు పట్టును, అవి మరల పోవు. అద్దెకు తెచ్చిన యొక బండిలో మేమా వాసన నెరిగితిమి. కప్పు దించునపుడు ఒక కిటికీ తెరచి యుంచినచో లోపలి గాలి సులభముగా పోయి గుడ్డ బయటికి ఉబ్బదు. గుడ్డ ఎచ్చటనైన అంచున చిక్కుకొన్నదేమో చుట్టు తిరిగి చూడవలయును; ఒక్కమారు నలిగిన చోటనే తరువాత చినుగును.

వంట మన యాడువారి యధికారము గనుక రెండు మాటలు. రెండు బండ్లలోను పొయ్యి రెండు మంటలదే. అన్నము వార్చుట, పప్పు ఉడికించుట ఏ బండిలోనైనను చేసికొనవచ్చును. తిరగమోత మాత్రము ఎత్తుడు కప్పు బండిలో లోపల పెట్టవలదు. ఇంగువ, ఎండుమిరప ఘాటు ఆ గుడ్డకు పట్టినచో వారము వరకు పోదు. అదే గుడ్డ ప్రక్కన పిల్లలు ముఖము పెట్టుకొని పండుకొందురు. పోపు పెట్టుకొని సీసాలలో తెచ్చుకొన్న పొడులు, పులిహోర గుజ్జు ఇట్టి ప్రయాణములకు తగినవి. చలిగా నున్నదని గ్యాసు పొయ్యిని వెలిగించి తలుపులు మూసి నిద్రపోవుట ఏ బండిలోను, ఒక్క రాత్రియైనను చేయరాదు. అందు పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. దానిని కనిపెట్టి మ్రోగు చిన్న యంత్రము స్వల్ప ధరకే దొరకును. అది లేని బండిలో పిల్లలను పండుకొనబెట్టవలదు.

అమెరికాలోని సోదరీమణులకు వేరొక చిక్కు. యెల్లోస్టోను వనములో ఫిషింగ్ బ్రిడ్జి యనుచోట ఎలుగుబంట్ల సంచారము వలన గట్టి గోడలు గల బండ్లనే రాత్రి నిలుపనిత్తురు. గుడారములకును, గుడ్డ పెట్టుబండ్లకును తావులేదు. ఎత్తుడు కప్పుతో నట్టి వనములకు పోవువారు చోటు కేటాయించుకొనునపుడే తమ బండి సంగతి విప్పి చెప్పి యడుగవలయును. ఇక స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టము బయలునేలలపై నడచుటకు, గుడారము వేసికొనుటకు జనులకు హక్కు నిచ్చినది గాని, మోటారు బండికి ఆ హక్కు లేదు. ఎచ్చట పడిన నచ్చట కప్పు లేపి వంట మొదలుపెట్టవచ్చునని మిత్రులు చెప్పినచో నమ్మవలదు.

ఇప్పుడు ఆ సోదరికి మా యభిప్రాయము. మీ యింట మీరిద్దరును, ఎనిమిదేండ్ల పిల్లవాడును మాత్రమే సంవత్సరమంతయు నుందురు. బండి ప్రతిదినము కొలువునకు పోవలయును. ఇంతవరకు మీ భర్తగారి మాటయే సబబు. ఎత్తుడు కప్పు మీకు చాలును, పిల్లవానికి పరమానందము. కాని ఈ జూనునకు ముందు కొనవలదు. మూడేండ్లు కూడబెట్టిన సొమ్మని వ్రాసినారు. ఆ సొమ్మును తొందరపడి పెట్టి, తీరా వచ్చిన అత్తగారిని “మీరు ఇంట నుండుడు, మేము పోయి వత్తుము” అనవలసివచ్చుట, లేదా ఆమెను తీసికొనిపోయి నీళ్ళు మాన్పించుట, రెండును మీకు సమ్మతము కావని మీరు చిన్న యక్షరములతో చేర్చిన మాటయే చెప్పుచున్నది. అత్తగారున్న మూడు నెలలలో ఒక వారమునకు మరుగుగదియు, తక్కువ యెత్తు పడకయు గల స్థిరపు కప్పు బండిని అద్దెకు తీసికొనుడు. వారమునకు అద్దె యెక్కువయని మీ భర్తగా రనవచ్చును. తప్పుబండి కొని, ఏడాది తిరుగకుండ నష్టమునకు అమ్ముటతో పోల్చిచూడుమనుడు.

ఎత్తుడు కప్పు బండిని కూడ కొనుటకు ముందు రెండు రాత్రులు అద్దెకు తెచ్చి చూడవలయును. అందుకు ఎండకాలమును ఎన్నుకొనవలదు. మార్చి నెలలో, వాన పడునని తెలిసిన శనివారము మంచిది. పడక పరచుట, మడుచుట, తడిగుడ్డ దించుట భర్తగారు చేయవలయును. మీరు అంతసేపు ముందు సీటులో చేతులు ముడుచుకొని కూర్చుండుడు. అత్తగారి చోటెట్లుండునో మీకును, ఆ పని యెంతటిదో వారికిని తెలియును.

ఈలోపల గుంటూరునకు ఫోను చేసి, అత్తగారు నిత్యము పండుకొను మంచము నేలనుండి పరుపు పైవరకు ఎన్ని యంగుళములున్నదో ఎవరిచేతనైన కొలిపించి తెప్పించుకొనుడు. బండి లోపలి మెట్టుకొరకు వారి వాకిటి మెట్టు ఎత్తు కూడ అడుగుడు. ఎందుకని అత్తగారు ప్రశ్నించినచో మంచము చేయించుచున్నామని చెప్పవచ్చును. ఆ రెండు సంఖ్యలు వ్రాసిన చీటీని, ఒక కొలబద్దను సంచిలో వేసికొని బండ్లు చూడబొండు.